క్యూలు పోయాక శ్రీలంక: ఎన్నికల వారంలో కొలంబో నుంచి జాఫ్నా దాకా

సెప్టెంబర్ 15, 2024 – కొలంబో

కటునాయక విమానాశ్రయంలో డబ్బు మార్చే కౌంటర్ల దగ్గర డాలరు మూడు వందల శ్రీలంక రూపాయలకు కాస్త అటూ ఇటూగా ఉంది. రెండున్నరేళ్ల కిందట ఇదే డాలరు రెండు వందలు. ప్రభుత్వం దాన్ని అక్కడే బలవంతంగా పట్టి ఉంచింది. 2022 మార్చిలో పట్టు సడలించేసరికి రెండు నెలల్లో 360కి ఎగబాకింది. ఆ ఏప్రిల్ 12న, విదేశీ అప్పులు ఇక కట్టలేమని శ్రీలంక ప్రకటించింది. 1948లో స్వాతంత్ర్యం వచ్చాక అలా చేతులెత్తేయడం అదే మొదటిసారి. ఆ తర్వాత దేశాధ్యక్షుడి కోసం జనం ఓటేసే ఎన్నిక ఇదే, వచ్చే శనివారం. అంతటి దెబ్బ తిన్న దేశంలో మామూలు మనుషులు రోజులెలా గడిపారో, ఇప్పుడెలా గడుపుతున్నారో వాళ్ల నోటే వినాలని వచ్చాను.

నగరంలోకి తీసుకొచ్చిన త్రీవీలర్ అన్న తమిళుడు. చెన్నైలో ఉద్యోగం చేసినప్పుడు అబ్బిన తమిళం నాకు ఇక్కడ అక్కరకొచ్చింది. ఆయన బండి అద్దం మూలన ఎండకు వెలిసిపోయిన క్యూఆర్ కోడ్ కాగితం ఒకటి అంటించి ఉంది. ఇంకా ఎందుకుంచారని అడిగాను. బండి పక్కకు ఆపి మరీ చెప్పారు.

2022 జూన్ నెలాఖరు నుంచి రెండు వారాల పాటు అత్యవసర సేవలకు తప్ప ఎవరికీ పెట్రోల్ పోయలేదు. ఆయన పెట్రోల్ షెడ్ ముందు క్యూలో బండిలోనే పడుకున్నారు. తిండి ఇంటి నుంచి కొడుకు సైకిల్ మీద తెచ్చేవాడట. క్యూలో నిలబడి నిలబడి ప్రాణాలు వదిలినవాళ్లున్నారు ఈ దేశంలో. జూలై మధ్యలో జాతీయ ఇంధన పాస్ వచ్చింది. ప్రతి వాహనానికీ ఒక కోడ్, వారానికి ఇంత అని కోటా: మోటార్ సైకిలుకు నాలుగు లీటర్లు, త్రీవీలరుకు ఐదు, కారుకు ఇరవై.

"ఐదు లీటర్లతో వారమంతా బండి నడుస్తుందా తంబీ? నడవదు. కానీ ఐదు వస్తాయని తెలుసు. ఆ ఐదుతో ఏం చేయాలో మనం చూసుకుంటాం. అంతకుముందు ట్యాంకర్ వస్తుందో రాదో, వస్తే మన వంతు దాకా ఉంటుందో ఉండదో, ఏదీ తెలియదు. ఆ తెలియకపోవడమే మనిషిని తినేసింది."

మంత్రి కారైనా తన బండైనా అదే కోడ్ చూపించాలన్నది ఆయనకు మరీ నచ్చింది. 2023 సెప్టెంబర్ ఒకటిన ఆ పద్ధతి ఎత్తేశారు. కాగితాన్ని మాత్రం ఆయన పీకలేదు, మళ్లీ అవసరం పడదని ఎవరు చెప్పగలరు అంటారు. 2022 ఆరంభంలో 177 రూపాయలున్న లీటరు పెట్రోల్ ఆ జూన్‌కి 470 అయింది. ఇప్పుడు 332. తగ్గిందనే మాట ఆయన నోట రాలేదు. "దొరుకుతోంది" అన్నారంతే.

సెప్టెంబర్ 16 – గాల్ ఫేస్

మిలాద్ సెలవు. పెట్టా బజారులో చాలా దుకాణాలు మూసి ఉన్నాయి. జనమంతా సముద్రం ఒడ్డున గాల్ ఫేస్ మైదానానికి వచ్చినట్టున్నారు. పిల్లలు గాలిపటాలు ఎగరేస్తున్నారు, బండ్ల మీద రొయ్యలు గుచ్చిన ఇస్సో వడలు వేగుతున్నాయి. ఎదురుగా అధ్యక్షుడి సచివాలయం, ఒకప్పటి పార్లమెంటు భవనం.

2022 ఏప్రిల్ 9 నుంచి నూరు రోజులకు పైగా ఇక్కడ ఒక ఊరు వెలిసింది. గోటా గో గామ అని దానికి పేరు, అంటే 'గోటా, వెళ్లిపో' ఊరు. గోటా అంటే అప్పటి అధ్యక్షుడు గోటబయ రాజపక్స. గుడారాలు, గ్రంథాలయం, వైద్య శిబిరం, ఉమ్మడి వంటశాల. పదమూడు గంటల కరెంట్ కోతలకు విసిగిన మధ్యతరగతివాళ్లు, విద్యార్థులు, బౌద్ధ భిక్షువులు, క్రైస్తవ సన్యాసినులు, ముస్లింలు ఒకే చోట కూర్చున్నారు. 2019 ఈస్టర్ నాటి బాంబు పేలుళ్లలో 260 మందికి పైగా చనిపోయిన తర్వాత ముస్లింల మీద ఎంత ద్వేషం రేగిందో గుర్తున్నవాళ్లకు ఆ దృశ్యం విలువ తెలుస్తుంది. మే 9న ప్రధాని మహింద రాజపక్స మద్దతుదారులు వచ్చి ఈ గుడారాల మీద పడి కొట్టారు. ఆయన అదే రోజు రాజీనామా చేశారు. జూలై 9న జనం అధ్యక్ష భవనంలోకి చొచ్చుకుపోయారు. 13న గోటబయ రాజపక్స మాల్దీవులకు, అక్కడి నుంచి సింగపూర్‌కు వెళ్లిపోయి మర్నాడు రాజీనామా పంపారు. పార్లమెంటు ఎన్నుకున్న కొత్త అధ్యక్షుడు రణిల్ విక్రమసింఘె బాధ్యత తీసుకున్న వెంటనే, జూలై 22 వేకువన సైన్యం ఇక్కడ ఉన్నవాళ్లను బలవంతంగా ఖాళీ చేయించింది.

ఈ పతనం ఒక్కరోజులో రాలేదు. 2019 చివర విలువ ఆధారిత పన్నును 15 నుంచి 8 శాతానికి కోశారు, ఖజానా చిక్కిపోయింది. కోవిడ్‌తో పర్యాటకుల డాలర్లు ఆగిపోయాయి. అయినా ఉన్న డాలర్లను అప్పుల వాళ్లకు కడుతూ పోయారు, చివరికి ఓడల్లో వచ్చిన గ్యాస్‌కు ఇవ్వడానికి కూడా మిగల్లేదు. దేశాన్ని ఈ స్థితికి తెచ్చిన బాధ్యత రాజపక్స సోదరులదీ, మరికొందరు అధికారులదీ అని 2023 నవంబర్‌లో ఇక్కడి సుప్రీంకోర్టు తేల్చింది. వెనుకబడిన దేశాల్లో ఇలాంటి తీర్పు అరుదు. నాకు అది చాలా పెద్ద విషయమనిపిస్తుంది.

మైదానం వెనక వీధిలో టీ కొట్టు తెరిచే ఉంది. పాలపొడి దిగుమతి సరుకు కాబట్టి, అప్పట్లో చాలా టీ కొట్లు పాల టీ మానేసి ఉత్త డికాక్షన్‌తో నడిచాయి. ఈ కొట్టాయన కూడా అంతే. ఇప్పుడు పాల టీ ఉంది. గోడ మీది ఎన్నికల పోస్టర్‌లో రణిల్ గుర్తు చూసి ఆగిపోయాను. గ్యాస్ సిలిండర్. క్యూలు లేకుండా చేసింది నేనే అని చెప్పుకోవడానికి ఇంతకంటే సూటి గుర్తు ఉండదు. "క్యూ లేదు నిజమే, కొనడానికి డబ్బేదీ?" అన్నారు కొట్టాయన.

సెప్టెంబర్ 17 – హట్టన్ రైలు

పోయ, అంటే పౌర్ణమి సెలవు. ఉడరట మెనికె రైలు కిక్కిరిసి ఉంది, తెల్లబట్టలు కట్టుకుని విహారాలకు వెళ్లే కుటుంబాలే ఎక్కువ. నావలపిటియ దాటాక కొండలు, వాన, టీ తోటలు. మధ్యాహ్నానికి హట్టన్ చేరాం.

సెప్టెంబర్ 18 – టీ తోటల్లో

ఈ రోజు గురించి ఎక్కువ రాయాలి.

ఇక్కడి తోట కూలీలు మలైయగ తమిళులు. 1823 నుంచి బ్రిటిష్ వాళ్లు దక్షిణ భారతం నుంచి తెచ్చినవాళ్ల వారసులు. స్వాతంత్ర్యం వచ్చిన ఏడాదే కొత్త పౌరసత్వ చట్టం వీళ్లను ఏ దేశానికీ చెందనివాళ్లుగా చేసింది. 1964లో మన ప్రధాని శాస్త్రి, లంక ప్రధాని సిరిమావో బండారనాయకె కూర్చుని ఇంతమంది ఇండియాకు, ఇంతమంది లంకకు అని పంచుకున్నారు. అందరికీ పౌరసత్వం ఖాయం కావడానికి 2003 దాకా పట్టింది. దేశానికి అనిశ్చితి 2022లో వచ్చిందంటారు. వరసగా అంటుకుని కట్టిన వీళ్ల లైన్ ఇళ్లలో అది ఎప్పుడు లేదు గనక?

నన్ను తోటలోకి తీసుకెళ్లిన అక్కకు యాభై ఏళ్లుంటాయి. నడుముకు మందపాటి ప్లాస్టిక్ పట్టా, నెత్తి మీది నుంచి వీపుకు వేలాడే సంచి. రెండాకులూ ఒక మొగ్గా, రెండు చేతులా చకచకా తెంపి వెనక్కి విసురుతోంది. ఒక్కటీ కింద పడదు. వేళ్ల చివర్లు టీ ఆకు పసరుకు నల్లబడి పగుళ్లిచ్చాయి. చెప్పిన బరువు తూగితేనే పూర్తి కూలి.

ఆవిడతో కలిసి ఒక లెక్క వేశాను. 2021లో తోట కూలీ రోజుకు వెయ్యి రూపాయలు అయింది. అప్పటి రేటులో అది ఐదు డాలర్లు. 2022 మేలో అదే వెయ్యి మూడు డాలర్లు కూడా చేయలేదు. కానీ టీ అమ్ముడయ్యేది డాలర్లలో. ఏడాదికి దాదాపు 130 కోట్ల డాలర్లు తెచ్చే సరుకు ఇది. ఇరాన్‌కు కట్టాల్సిన 25 కోట్ల డాలర్ల చమురు బాకీని కూడా నెలనెలా టీ పంపి తీర్చడానికి ప్రభుత్వం ఒప్పందం చేసుకుంది. రూపాయి పడిపోయిన కొద్దీ కిలో టీకి ఎగుమతిదారు చేతికొచ్చే రూపాయలు పెరిగాయి. ఆకు తెంపిన చేతికి వచ్చింది అదే వెయ్యి. ఈ ఎన్నికల ముందు, ఏళ్ల పోరాటం తర్వాత, దాన్ని 1,350 చేశారు.

ఇంట్లో ఏం తగ్గించారని అడిగాను. వీళ్ల ప్రధాన ఆహారం గోధుమపిండి రొట్టె. పిండి ధర అందకుండా పోయిన నెలల్లో ముందు కూర తగ్గింది, తర్వాత రాత్రి రొట్టె తగ్గింది. పిల్లలకు పెట్టి పెద్దవాళ్లు టీ తాగి పడుకునేవాళ్లు. బంగారం కమ్మలు తాకట్టులోకి వెళ్లి తిరిగి రాలేదు. పెద్ద కూతురు ఇంటిపనికి కువైట్ వెళ్లింది. "క్యూఆర్ కోడ్ మాకెందుకు, బండి ఉంటే కదా" అంది అక్క.

కొలంబో అన్న చెప్పిన న్యాయమైన కోటా గురించి అప్పుడు మళ్లీ ఆలోచించాను. అది చక్కగా పనిచేసింది, కాదనను. అయితే పెట్రోల్‌కు ఉన్న హామీ పిండికి లేదు. పేద కుటుంబాలకు నగదు ఇచ్చే అస్వెసుమ పథకం 2023లో వచ్చింది. ఈ లైన్‌లో కొందరికి అందుతోంది, కొందరికి లేదు. ఎందుకు లేదో వాళ్లకెవరూ చెప్పలేదు. ప్రపంచ బ్యాంకు లెక్కలో ఈ దేశంలో పేదలు 2021లో వందకు 13 మంది, 2023కి దాదాపు 26 మంది. దేశం సంక్షోభాన్ని తట్టుకుని నిలబడింది అని పత్రికలు రాసినప్పుడల్లా ఎవరి ఒంటి మీద నిలబడింది అని అడగాలి. ఈ తోటలో నాకు జవాబు కనిపించింది.

సెప్టెంబర్ 19 – తంబుత్తెగామ

హట్టన్ నుంచి క్యాండీ, క్యాండీ నుంచి దంబుల్ల, అక్కడి నుంచి తంబుత్తెగామ. మూడు బస్సులు, రోజంతా. ప్రచారం నిన్న అర్ధరాత్రితో ముగిసింది. దారిలో మైకులు లేవు. బాండ్లు కొన్న విదేశీ మదుపరులతో సుమారు 1,250 కోట్ల డాలర్ల అప్పు సర్దుబాటుకు సూత్రప్రాయంగా ఒప్పందం కుదిరిందని వార్త వచ్చింది. ఓటింగ్‌కు రెండు రోజుల ముందు! బస్సులో ఎవరూ దాని గురించి మాట్లాడుకోలేదు.

కొండలు దిగాక నేల పరుచుకుంది. చెరువులు, మహవెలి కాలువలు, యాల పంట, అంటే ఏడాదిలో రెండో పంట, కోసేసిన మళ్లు. బరిలో ముందున్న అనుర కుమార దిసానాయకె పెరిగిన ఊరు ఇది. నేను దిగిన ఇంటి యజమాని కొడుక్కి ఇంగ్లీషు వచ్చు. సాయంత్రం గట్టు మీద ఒక వరి రైతుతో మాట్లాడించాడు.

2021 మేలో, రాత్రికి రాత్రి అన్నట్టు, రసాయన ఎరువుల దిగుమతి నిషేధించారు. దేశమంతా సేంద్రియం అన్నారు. ఎరువులకు పోసే డాలర్లు మిగులుతాయన్న లెక్క కూడా అందులో ఉంది. నవంబర్‌లో నిషేధం ఎత్తేశారు గానీ మహా పంటకు, అంటే ఏడాదిలో ప్రధాన పంటకు, అప్పటికే ఆలస్యమైపోయింది. అన్నానికి లోటు లేని దేశం బియ్యం దిగుమతి చేసుకుంది. తన పొలంలో పంట సగానికి పడిందని రైతు చెప్పాడు. అతనికి సేంద్రియం మీద కోపం లేదు. "ఐదేళ్లలో మారండి అంటే మారేవాళ్లం. వానకు ముందు మబ్బు పడుతుంది. దీనికి మబ్బు కూడా పట్టలేదు" అన్నాడు. ఆ మరుసటి ఏడాది తిండికి కటకట వస్తుందని భయపడి ప్రభుత్వం ఉద్యోగులకు శుక్రవారాలు సెలవిచ్చింది, ఇంటి దగ్గర కూరగాయలు పండించుకోమని. రైతుకు ఎరువు ఆపి గుమాస్తాకు పార ఇచ్చిన పాలన అది. ఒక పేద దేశానికి బయటి నుంచి వచ్చే కష్టాలు సరిపోవన్నట్టు ఇంటి నుంచే ఇలాంటివి పుట్టడం నన్ను అన్నిటికంటే బాధపెట్టింది.

సెప్టెంబర్ 20 – కుడాగమ

తెలుగువాళ్లకు చెప్పాలని ఆత్రంగా ఉన్న రోజు. తంబుత్తెగామకు దగ్గర్లో కుడాగమ అనే ఊళ్లో అహికుంటకలు ఉంటారు. పాములాడించడం, కోతులాడించడం, చేయి చూసి జాతకం చెప్పడం వీళ్ల వృత్తులు. ఇంట్లో మాట్లాడుకునేది తెలుగు.

ఊళ్లోకి అడుగుపెట్టగానే ఒక ముసలావిడ మనవణ్ని కేకేసింది, "ఒరే, ఇట్ట రా!" అని. నాకు ఒళ్లు ఝల్లుమంది. తమిళం, సింహళం కలిసిన తెలుగు అది. నెమ్మదిగా మాట్లాడితే దాదాపు అంతా తెలుస్తుంది. నా తెలుగు విని వాళ్లూ అంతే ఆశ్చర్యపోయారు. చాప వేశారు, చుట్టూ చేరారు.

ఒకప్పుడు తాటాకు గుడారాలు, గాడిదలు, ఊరూరా తిరుగుడు. ఎక్కడా ఎక్కువ రోజులు ఉండేవాళ్లు కారట. ఇప్పుడు ఇటుక ఇళ్లలో స్థిరపడ్డారు. కానీ మగవాళ్లు పాముల బుట్టతో, ఆడవాళ్లు చేయి చూడడానికి ఇంకా బస్సులెక్కి దూరాలు వెళ్తారు. 2022లో బస్సులు తగ్గి, చార్జీలు పెరిగి, వీళ్ల సంపాదన ఒక్కసారిగా ఆగింది. పర్యాటకులూ లేరు. పొలం లేదు, బ్యాంకులో ఏమీ లేదు, జీతం అసలే లేదు. కూలికి వెళ్దామంటే పక్క రైతే ఎరువు లేక కూర్చున్నాడు. దొరికింది దొరికినట్టు నాలుగిళ్లవాళ్లూ ఒకే కుండలో వండుకున్నామని చెప్పారు.

చేయి చూసే అమ్మను అడిగాను, ఆ రోజుల్లో జనం ఏం అడిగేవాళ్లని. అంతకుముందు పెళ్లి ఎప్పుడు, సంతానం ఎప్పుడు అనేవాళ్లట. "ఆ ఏడు అందరిదీ ఒకటే. మా పిల్లోడు దేశం దాటి పోతాడా అని." 2022 ఒక్క ఏడాదిలో మూడు లక్షల మందికి పైగా పని కోసం విదేశాలకు వెళ్లారని అధికారిక లెక్క. ఆ లెక్క అచ్చులోకి రాకముందే ఈ అమ్మకు తెలిసినట్టుంది.

మహవ, అనురాధపురం మధ్య రైలు మార్గం మరమ్మతులకు మూసి ఉండడంతో జాఫ్నాకు బస్సే ఎక్కాను. దారిలో వవునియాలో రోడ్డు పక్కన ఒక షెడ్డు. లోపల వరసగా ఫోటోలు. ప్రభుత్వానికీ తమిళ పులులకూ మధ్య జరిగిన యుద్ధంలో కనబడకుండా పోయినవాళ్ల తల్లులు 2017 నుంచి అక్కడ దీక్ష చేస్తున్నారు. బస్సు ఆగలేదు. కొడుకు ఉన్నాడో లేడో తెలియకుండా 2009 నుంచి బతకడం ముందు మిగతా అనిశ్చితులన్నీ నాకు చిన్నవైపోయాయి.

సెప్టెంబర్ 21 – జాఫ్నా, ఓటు రోజు

ఉదయం ఏడు నుంచి సాయంత్రం నాలుగు దాకా పోలింగ్. బ్యాలెట్ పత్రం రెండడుగులు దాటి ఉందని, మడవడానికే అవస్థ అయిందని నేను దిగిన ఇంటి టీచరమ్మ చెప్పారు. ముప్ఫై ఎనిమిది మంది అభ్యర్థులు మరి. ఇష్టమైతే ఒకటి, రెండు, మూడు అని వరస కూడా వేయొచ్చు.

టీచరమ్మకు డెబ్భై దాటాయి. 2022 మీకెలా గడిచింది అంటే నవ్వారు. "అది మాకు కొత్తా?" 1990ల్లో జాఫ్నాలోకి పెట్రోల్, బ్యాటరీలు, సబ్బులు, కొవ్వొత్తులు రానివ్వకుండా ప్రభుత్వం ఆంక్షలు పెట్టింది. ఏళ్ల తరబడి కరెంట్ లేదు. జామ్ సీసాలో దూది పెట్టి, కాసిని చుక్కల కిరోసిన్ పోసి, ఆ వెలుగులో పిల్లలకు లెక్కలు చెప్పారు ఆవిడ. వార్తలు వినాలంటే సైకిల్‌ను స్టాండ్ మీద నిలబెట్టి ఒకరు తొక్కేవాళ్లు, డైనమో కరెంటుతో రేడియో పలికేది. మోటార్ సైకిలుకు కార్బురేటర్‌లో నాలుగు చుక్కల పెట్రోల్ పోసి కిక్ కొట్టి, ఇంజన్ వేడెక్కాక కిరోసిన్ మీద నడిపేవాళ్లు. వీధంతా తెల్లటి పొగ. పెరట్లో ఆ పాత సైకిల్ ఇంకా ఉంది. 2022లో తుడిచి నూనె రాసి మనవడికి ఇచ్చారట.

"కొలంబో వాళ్లకు నాలుగు నెలలు కష్టమొస్తే లోకమంతా చూసింది. చూడాల్సిందే, తప్పులేదు. మాకు వచ్చినప్పుడు వాళ్లు కూడా చూసి ఉంటే బాగుండేది." గొంతులో నిష్ఠూరం లేదు. కానీ గాల్ ఫేస్‌లో యువకులు తమిళంలోనూ నినాదాలు రాశారని, 2009లో యుద్ధం ముగిసిన ముళ్లివాయ్‌కాల్‌లో చనిపోయినవాళ్లకు అక్కడ దీపాలు పెట్టారని విన్నప్పుడు టీవీ ముందు ఏడ్చానని కూడా చెప్పారు.

రాత్రి పది నుంచి కర్ఫ్యూ. గొడవలేవీ లేవు, ముందు జాగ్రత్త అన్నారు.

సెప్టెంబర్ 22 – జాఫ్నా

కర్ఫ్యూను మధ్యాహ్నం దాకా పొడిగించారు. ఇంట్లో రేడియో ముందే ఉన్నాం. అనుర కుమారకు 42 శాతం, ప్రతిపక్ష నేత సజిత్ ప్రేమదాసకు 33కి కాస్త తక్కువ, రణిల్‌కు 17. సగం ఎవరికీ దాటలేదు. దేశ చరిత్రలో మొదటిసారి రెండో ప్రాధాన్య ఓట్లు లెక్కించారు. సాయంత్రానికి అనుర కుమార గెలిచినట్టు ప్రకటించారు. గోటబయ పారిపోయి రెండేళ్లు దాటింది. ఈలోగా సైన్యం గద్దెనెక్కలేదు, ఎన్నిక రద్దు కాలేదు, ఓడినవాళ్లు ఫలితాన్ని ఒప్పుకున్నారు. ఇంత నలిగిన దేశంలో ఇది చిన్న సంగతి కాదని టీచరమ్మతో అన్నాను. ఆవిడ ఓటేసింది వేరేవాళ్లకి. అయినా తలూపారు.

అంతర్జాతీయ ద్రవ్యనిధి ఐఎంఎఫ్‌తో 2023 మార్చిలో మొదలైన మూడు వందల కోట్ల డాలర్ల ఒప్పందం ఇంకా నడుస్తోంది. ఐఎంఎఫ్ దగ్గరికి లంక వెళ్లడం ఇది పదిహేడోసారి. విలువ ఆధారిత పన్ను ఇప్పుడు 18 శాతం. కొత్త అధ్యక్షుడు షరతులు మళ్లీ మాట్లాడతానంటున్నారు, ఒప్పందం వదులుకుంటానని అనలేదు. వదులుకునే వీలు కూడా లేదు.

మధ్యాహ్నం కర్ఫ్యూ ఎత్తేయగానే మనవడు బస్ టికెట్ కోసం బయల్దేరాడు. ఇరవై నాలుగేళ్లవాడు, ఎలక్ట్రీషియన్. ఖాళీ పాస్‌పోర్టు పుస్తకాల కొరతతో కొలంబోలో వారాలుగా రాత్రుళ్లు కూడా క్యూలు ఉంటున్నాయి. రేపటి క్యూలో నిలబడాలి, ఖతార్‌లో పని మాట్లాడుకున్నాడు. నువ్వు ఎవరికి వేశావు అని అడిగాను. అనురకే అన్నాడు. మరి వెళ్లడం ఎందుకు, కొన్నాళ్లు చూడొచ్చుగా అన్నాను.

"చూస్తాను అణ్ణై. రెండేళ్లు అక్కడి నుంచి చూస్తాను. ఈలోగా అమ్మమ్మకు మందులు కావాలి కదా" అన్నాడు. టీచరమ్మ దారికి ఇడియాప్పం పొట్లం కట్టి, క్యూలో తినడానికి వీలుగా విడిగా సంబల్ ఇంకో పొట్లం కట్టారు. రాత్రి బస్సులో ఇద్దరికీ పక్కపక్కనే సీట్లు దొరికాయి.